ఐదు భుజాల టైల్‌తో నేలంతా పరచవచ్చా?

సరళరేఖ: త్రిభుజం, చతుర్భుజం ఏ తీరున ఉన్నా సందు లేకుండా పరుచుకుంటాయి. ఐదు భుజాలకు ఆ అవకాశం లేదు. 108 డిగ్రీల కోణాలు మూడు కలిపితే 324. మిగిలిన 36లో ఏదీ పట్టదు.

కోణమాని: అది క్రమ పంచభుజి, అంటే భుజాలు, కోణాలు అన్నీ సమానమైన ఆకారం సంగతి. అడిగింది ఐదు భుజాలున్న ఏ టైల్ గురించైనా. ఇంటి బొమ్మ ఆకారం తీసుకోండి: అడుగున రెండు లంబకోణాలు, నిలువు గోడలు, పైన సమానమైన రెండు వాలులు. గోడకు గోడ ఆనించి ఒక వరుస పేర్చండి. రెండో వరుసను తలకిందులుగా దించితే దాని శిఖరాలు మొదటి వరుస పల్లాల్లో కూర్చుంటాయి. అక్కడ ఒక శిఖర కోణం, రెండు చూరు కోణాలు కలుస్తాయి: ఐదు కోణాల మొత్తం 540, అందులో అడుగు లంబకోణాలు రెండూ తీసేస్తే 540 − 180 = 360. శిఖరం ఎంత నిటారుగా ఉన్నా ఈ లెక్క తప్పదు. చెడేది అడుగు కోణాల దగ్గరే. అక్కడ అర డిగ్రీ తేడా వచ్చినా టైల్ టైల్‌కూ పెరిగి వరుస వంకరపోతుంది.

సరళరేఖ: 108కి జవాబు రాలేదు.

అచ్చుపని: వచ్చింది, కోణమాని జవాబులో మొదటి వాక్యం చదవండి.

కోణమాని: కుంభాకార పంచభుజుల్లో, అంటే ఏ మూలా లోపలికి నొక్కుకోని వాటిలో, పరుచుకునేవి 15 రకాలు. 1918లో గణితవేత్త రైన్‌హార్ట్ 5 ఇచ్చారు. 1970లలో, పైచదువుల్లో గణితం చదవని మార్జొరీ రైస్ 4 కనిపెట్టారు. చివరిది 2015లో దొరికింది.

సరళరేఖ: పోయిన చర్చలోనూ ఇలాగే పేర్లు, సంవత్సరాలు కుప్పపోసి నా ప్రశ్న దాటేశారు. ఆ 15వ రకం కోణాలు 60, 135, 105, 90, 150. అందులో సగం టైళ్లు తిరగేసినవే. గ్లేజు, అంటే మెరుపు పూత, ఒక్క ముఖానికే ఉంటుంది. వెనక ముఖం పైకి పెట్టి పరుస్తారా?

అచ్చుపని: అంటే మీ గొడవ 108తో కాదు, తిరగేయడంతో.

కోణమాని: జ్యామితిలో తిరగేసినా ఆకారం అదే.

సరళరేఖ: అదే అయితే 2023లో 13 భుజాల ‘టోపీ’ అనే టైల్ ఆకారం దొరికాక, కొన్ని నెలల్లోనే ‘స్పెక్టర్’ అనే ఇంకో ఆకారం ఎందుకు తెచ్చారు? టోపీల్లో దాదాపు ఎనిమిదింటికొకటి తిరగేసింది కావాలి, స్పెక్టర్‌కు అక్కర్లేదు. ఆ తేడా గణితవేత్తలకే ముఖ్యమైంది.

కోణమాని: అక్కడ ప్రశ్న వేరు, నమూనా పునరావృతం కాకూడదన్నది. రెండూ కలపొద్దు.

అచ్చుపని: పరిచేవాళ్ల కోసం: 15వ రకానికి కుడి, ఎడమ అని రెండు అచ్చులు, సగం సగం. వెనక గుర్తు వేయకపోతే కట్టల్లో కలిసిపోతాయి. ఇంటి ఆకారానికి ఒక్క అచ్చు చాలు.

కొత్తసభ్యుడు: ఏడు భుజాలతో?

కోణమాని: కుంభాకారమైతే ఒక్కటీ లేదు, పుటాకారమైతే, అంటే మూల లోపలికి నొక్కుకుంటే, ఉన్నాయి. తిరగేసిన టైల్ విషయంలో మాత్రం నా మాట మారదు.

సరళరేఖ: నాదీ మారదు.