చుట్టాలు, స్నేహితులు చేసిచ్చిన క్రిస్మస్ బొమ్మలు ఏళ్ల తరబడి నిలవాలంటే?

కాకినాడ కిటికీ:

మా క్రిస్మస్ చెట్టుకి కొన్న బొమ్మలు కట్టమండి. చుట్టాలు, స్నేహితులు ఏటా తలా ఒకటి చేసి ఇస్తారు. ఇప్పటికి నలభై దాకా ఉన్నాయి. ఈ ఏడు డబ్బా తెరిస్తే మూడు ఇబ్బందులు కనిపించాయి. మైదా, ఉప్పు కలిపి చేసిన నక్షత్రాలు మెత్తబడి, వేలికి తడి తగులుతున్నాయి. పిన్నిగారు అల్లిన క్రోషే మంచుపువ్వులు గంజి పోయి వేలాడిపోయాయి. పంచదార పాకంలో ముంచిన రెండింటికి చీమలు పట్టాయి. పాతవి బాగుచేసే మార్గం ఉందా? ఈసారి చేసేవాళ్లకి ఏ పదార్థంతో చేయమని చెప్పాలి? సముద్రం దగ్గర కాబట్టి వానాకాలమంతా ఇల్లు చెమ్మగానే ఉంటుంది.

ముద్దబంతి:

నక్షత్రాలు మెత్తబడింది ఉప్పు వల్లేనండి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని తానే నీరవుతుంది. వానాకాలంలో ఉప్పు జాడీ అడుగున నీరు ఊరేది ఇందుకే. మీ తీరంలో ఆ 75 దాటని వారం వానాకాలంలో దొరకడం కష్టం.

ముందు పాతవాటి సంగతి. రంగు వేయనివైతే ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర ఒక్కో వైపు గంటసేపు ఉంచండి. రంగు వేసినవైతే 70 దాటనివ్వకండి, పైపొర బుడగలు లేస్తుంది. ఓవెన్ లేకపోతే రెండు మూడు రోజులు ఎండలో జల్లెడ మీద పరిచి, పొద్దు వాలకముందే లోపలికి తెచ్చేయాలి. డిసెంబరు మంచు పడితే పగలు ఆరినదంతా వృథా.

ఆరిందో లేదో చేత్తో పట్టుకుంటే తెలియదు. వంటింటి త్రాసు మీద తూచి, ఇంకో గంట ఆరబెట్టి మళ్లీ తూచండి. బరువు తగ్గకపోతే లోపలి తడి పోయినట్టు. తడి ఉండగానే వార్నిష్ వేస్తే అది బయటికి రాలేక లోపలే బూజు పడుతుంది. పూర్తిగా ఆరాక అక్రిలిక్ వార్నిష్ ముందు రెండు పూతలు, వెనక రెండు పూతలు వేయాలి. చాలామంది వదిలేసేది దారం కట్టే చిల్లు లోపలి అంచు. తేమ దూరేది అక్కడి నుంచే, దారం తెగి బొమ్మ పడేదీ అక్కడే. సన్నటి బ్రష్‌తో ఆ చిల్లు లోపల కూడా పూయండి.

అయినా నా మాట అడిగితే, తీరప్రాంతంలో దాచుకోవాలనుకునే బొమ్మకి ఉప్పు వద్దు. చేసేవాళ్లకి ఈ కొలత పంపండి: వంట సోడా 2 కప్పులు, కార్న్‌ఫ్లోర్ 1 కప్పు, నీళ్లు కప్పుంబావు. చల్లగా ఉండగానే ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద ఆపకుండా తిప్పాలి. ఐదారు నిమిషాలకి చిక్కబడి, మెదిపిన బంగాళాదుంపలా అవగానే దించేయాలి. ఇంకాస్త ఉంచితే ముద్ద పొడిబారి, ఒత్తేటప్పుడు అంచులు పగులుతాయి. తడిగుడ్డ కప్పి చల్లార్చి, చపాతీ పిండిలా మర్దించి, 5 మి.మీ. మందాన ఒత్తండి. అంతకన్నా పల్చనైతే ఆరేటప్పుడు వంకర తిరుగుతుంది. చిల్లు స్ట్రాతో, అంచుకి ఒక సెంటీమీటరు లోపలికి, తడిగా ఉన్నప్పుడే పెట్టాలి. ఆరాక పెట్టబోతే విరుగుతుంది. ఫ్యాను ఎదురుగా పెట్టకండి, ఒకవైపే ఆరి అంచులు లేస్తాయి. జల్లెడ మీద ఉంచి పూటకోసారి తిప్పితే రెండు రోజుల్లో తెల్లగా, నున్నగా వస్తుంది. దీనికీ వార్నిష్ తప్పదు, కాకపోతే ఉప్పులా నీరు కారదు.

వంట సోడా బదులు బేకింగ్ పౌడర్ వేస్తే ముద్ద పొంగి గుల్లబారిపోతుంది. ఈ పొరపాటు తరచూ జరుగుతుంది కనుక కొలత పంపేటప్పుడే గట్టిగా చెప్పండి.

నర్సాపురం సూది:

మంచుపువ్వుల గురించి నేను చెప్తానండి. గోదావరి జిల్లాల లేసుకి ఇంత పేరుంది, నర్సాపురం క్రోషే లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అలాంటి అల్లికని పాకంలో ముంచడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పంచదారకి చీమలు, గంజికి వెండిచేపలనే పుస్తకాల పురుగులు వస్తాయి. అందుకని చాలామంది తెల్ల ఫెవికాల్, నీళ్లు సమానంగా కలిపి ముంచుతారు. గట్టిగా నిలబడుతుంది, పురుగు పట్టదు. కానీ ఒకసారి ఆరాక దారంలోంచి పూర్తిగా రాదు, ఏళ్లు గడిస్తే పసుపు తిరుగుతుంది. కొత్తగా అల్లిన మామూలు పువ్వుకి ఫర్వాలేదు. పిన్నిగారు అల్లినదానికి మాత్రం వద్దు.

ఆవిడవాటికి సగ్గుబియ్యం గంజి పెట్టండి, పండగ అయ్యాక ఉతికి తీసేయండి. ముందుగా గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి పాత గంజి, పాకం వదిలించాలి. పిండకూడదు, తువ్వాల్లో ఒత్తాలి. సగ్గుబియ్యం రెండు చెంచాలు గంట నానబెట్టి, రెండు గ్లాసుల నీళ్లలో గింజ కరిగి పారదర్శకంగా అయ్యేదాకా కాచి, పల్చటి గుడ్డలో వడకట్టండి. గోరువెచ్చగా ఉండగా ముంచి, రంధ్రాల్లో పొర కట్టకుండా గుడ్డతో అద్దండి.

పరిచే తీరులోనే పువ్వు అందమంతా ఉంది. కాగితం మీద వృత్తం గీసి, అదే వ్యాసార్ధంతో చుట్టూ ఆరు గుర్తులు పెడితే ఆరు రేకులకి సరిగ్గా సమాన దూరం వస్తుంది. కాగితాన్ని థర్మోకోల్ మీద పెట్టి, పైన ప్లాస్టిక్ కవరు బిగించండి. గుండుసూది మొదట నడిమధ్యన గుచ్చాలి. తర్వాత ఒక రేకు కొస, వెంటనే దాని ఎదురు కొస. ఇలా జతలుగా వెళ్లాలి. వరసగా పక్కపక్కవి గుచ్చుకుంటూ పోతే పువ్వు ఒకవైపు లాగేసి, చివరి రేకు పొట్టిదవుతుంది. తుప్పు పట్టని స్టీలు సూదులే వాడండి, తుప్పు మరక లేసు మీద పడితే పోదు. నీడన ఒక రోజు ఆరనిచ్చి, సూదిని కాస్త తిప్పి తీయండి. నేరుగా లాగితే దారమూ లేస్తుంది.

కొత్తగా అల్లేవాళ్లకి 10వ నంబరు మెర్సరైజ్డ్ కాటన్ దారం, 1.5 మి.మీ. క్రోషే సూది సరిపోతాయి. ఉన్ని వద్దు, ఎంత గంజి పెట్టినా కొసలు నిలవవు. 6 చైన్లు వేసి రింగు కలిపి, మొదటి వరసలో 12 ట్రెబుల్స్ (పొడవు కుట్లు) వేయాలి. రేకుకి రెండు చొప్పున ఆరు రేకులకీ లెక్క సరిపోతుంది. 11 వేస్తే చివరి రేకుకి చోటుండదు.

కాకినాడ కిటికీ:

చాలా స్పష్టంగా చెప్పారండి ఇద్దరూ, ధన్యవాదాలు. ఇంకో రెండు సందేహాలు. వెనక పేరు, సంవత్సరం మార్కర్‌తో రాస్తే వార్నిష్ వేయగానే అలుక్కుపోతోంది. మేం నిలబెట్టేది సరుగుడు కొమ్మ. బరువైనవి కడితే కిందికి వాలిపోతోంది.

సరుగుడు గాలి:

పర్మనెంట్ మార్కర్ సిరా స్పిరిట్‌లో కరుగుతుంది, స్పిరిట్ వార్నిష్ పడగానే అలుక్కుపోతుంది. పెన్సిల్‌తో రాసి పూయండి, కదలదు. ఇంకా మంచిది, ముద్ద తడిగా ఉన్నప్పుడే టూత్‌పిక్‌తో పేరు, సంవత్సరం చెక్కించడం. అమ్మమ్మ చేతిరాత రంగుపోయినా ఉంటుంది. లేసుకి ఒక చిన్న రిబ్బను ముక్క మీద దారంతో కుట్టి కట్టండి.

సరుగుడు కొమ్మ కొసలు పుల్లల్లాంటివి. 20 గ్రాములు దాటినవేవీ కొసకి కట్టకండి. కొమ్మ చీలే చోట, కాండానికి దగ్గరగా కట్టాలి. లేసు, కాగితం కొసలకి, ముద్దతో చేసిన బొమ్మలు లోపలికి. బకెట్‌లో తడి ఇసుక కూరి నిలబెట్టి, రోజూ నీళ్లు పోస్తుండండి. ఎండిన సరుగుడు ఇట్టే అంటుకుంటుంది, కాబట్టి ఎల్‌ఈడీ దీపాలు తప్ప కొవ్వొత్తులు దగ్గరికి రానివ్వకండి.

దాచడానికి అట్ట గుడ్ల ట్రేలు వద్దు, చెమ్మ పీలుస్తాయి. ప్లాస్టిక్ ట్రేలు తీసుకుని, బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. లేసుని న్యూస్‌పేపర్‌లో చుడితే సిరా అంటుతుంది, ఉతికిన తెల్ల గుడ్డ వాడండి. నాఫ్తలీన్ ఉండలు వేయకండి. ఆ ఆవిరికి థర్మోకోల్ బంతులు మెత్తబడి జిగురవుతాయి. థర్మోకోల్‌ని స్ప్రే పెయింటూ, ఘాటు వాసన రబ్బరు జిగురూ కూడా తినేస్తాయి. ఆ డబ్బాలో 50 గ్రాముల సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి, నారింజ రంగు గింజలవి. జూలైలో ఒకసారి మూత తీసి చూసి, గింజలు ఆకుపచ్చగా మారి ఉంటే పళ్లెంలో పోసి ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి. మళ్లీ నారింజ రంగుకి వస్తే పొట్లాం కట్టి వేసేయొచ్చు.