గామా కొట్టించాక దారం పుటుక్కున తెగుతోంది, ఎందుకు?

భీమవరం_ప్రాజెక్ట్:
పొద్దున్నుంచి ల్యాబ్‌లోనే ఉన్నా, బుర్ర పనిచేయట్లేదు. వల దారానికి గామా రేడియేషన్ చేయిస్తే ప్లాస్టిక్ అణువుల పొడవాటి గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడుతుందని పుస్తకంలో ఉంది. లాగి చూస్తే మామూలు దారం కంటే ముందే తెగిపోతోంది, సాగడం అసలే లేదు. తెచ్చిన కొత్తలో ఇంత అధ్వానంగా లేదు, ఇప్పుడు ఇంకా పెళుసైపోయింది. క్లాంపులు మార్చినా అంతే. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

నరసాపురం_వలలు:
దేని దారం? డోసెంత? గాలిలోనా, నైట్రోజన్‌లోనా?

అమలాపురం_ఆక్వా:
తమ్ముడూ, గామా దాకా ఎందుకు, మన రొయ్యల చెరువుల మీద కట్టే పిట్టల వలకి ఎండే పెద్ద శత్రువు. అతినీలలోహిత కిరణాలు కూడా గొలుసుల్ని తెంపుతాయి. నల్ల వలలో కార్బన్ బ్లాక్ ఆ కిరణాల్ని పీల్చుకుంటుంది కాబట్టి ఎక్కువ కాలం ఆగుతుంది. మనవాళ్లు అది అడగరు, కిలో రేటే అడుగుతారు.

భీమవరం_ప్రాజెక్ట్:
చెరువు వల కాదన్నా. దారం పాలీప్రొపిలీన్, కాగితం మీద డోస్ 2.5 మెగారాడ్ అని ఉంది. మామూలు కవర్లో పెట్టి పంపాం.

నరసాపురం_వలలు:
ఇంకా మెగారాడ్ ఏంటి, అది పాత కొలత. ఇప్పుడు రేడియేషన్ డోస్‌ని గ్రేలో రాయాలి.

రాజమండ్రి_కెమిస్ట్రీ:
100 రాడ్‌లు ఒక గ్రే, అంటే మీ 2.5 మెగారాడ్ 25 కిలోగ్రే. సిరంజిల్లాంటివి స్టెరిలైజ్ చేసే డోసే, లెక్కలో గొడవేం లేదు. గొడవ దారంతో. మీరు చదివింది పాలిథిలీన్‌కి సరిపోతుంది. పాలీప్రొపిలీన్‌లో మిథైల్ కొమ్మ ఉన్న కార్బన్ దగ్గర హైడ్రోజన్ తేలిగ్గా ఊడుతుంది, ఆక్సిజన్ అందుకుంటే గొలుసు ముడిపడటం కంటే తెగడమే ఎక్కువ. పోగు సన్నం కాబట్టి గాలి లోపలిదాకా పోతుంది. పైగా స్ఫటిక భాగాల్లో ఇరుక్కున్న రాడికల్స్ (రేడియేషన్ వల్ల పుట్టిన, తేలిగ్గా చర్య జరిపే అణు ముక్కలు) నెలల తరబడి మిగిలే ఉంటాయి, అందుకే ఇంకా పెళుసవుతోంది.

అమలాపురం_ఆక్వా:
మరి ఆ దారాన్ని చేత్తో పట్టుకోవచ్చా?

రాజమండ్రి_కెమిస్ట్రీ:
నిక్షేపంగా. కోబాల్ట్-60 గామా వల్ల దారం రేడియోధార్మికం కాదండీ. ప్రాజెక్ట్ తమ్ముడూ, ఈసారి పాలిథిలీన్ దారం తీసుకో, గాలి తీసేసి సీల్ చేసి పంపు, వచ్చాక సీల్ విప్పకముందే కాస్త వేడిలో ఉంచితే మిగిలిన రాడికల్స్ చాలావరకు అణిగిపోతాయి. పాలీప్రొపిలీనే కావాలంటే గామా బదులు ఎలక్ట్రాన్ బీమ్ (ఎలక్ట్రాన్ల ధార) నయం, క్షణాల్లో అయిపోతుంది, ఆక్సిజన్‌కి అంత వ్యవధి దొరకదు.

నరసాపురం_వలలు:
పాలిస్టర్ కూడా పెట్టి చూడు. బెంజీన్ వలయం ఉంది, ఈ డోసుకి పెద్దగా చెక్కుచెదరదు.

భీమవరం_ప్రాజెక్ట్:
థాంక్సండీ, రేపు గైడ్‌ని అడుగుతా.