యుద్ధ చిత్రాల్లో సైనికుడిగా నటించాలంటే సైన్యంలో పనిచేసి ఉండాలా?

యుద్ధచిత్రాభిమాని:

యుద్ధ చిత్రాల గురించి మాట్లాడుకునేటప్పుడు నటన బాగుందా లేదా అన్న దగ్గరే ఆగిపోతున్నాం గానీ, ఆ నటుడు ఎప్పుడైనా నిజంగా తుపాకీ మోశాడా అని ఎవరూ అడగడం లేదు. నా వాదన సూటిగా చెబుతాను. సైనిక పాత్రను సైన్యంలో పనిచేసిన మనిషి పోషించినప్పుడు కలిగే నమ్మకం, ఎంత శిక్షణ ఇచ్చినా ఇతరుల వల్ల కలగదు. 1987లో వచ్చిన ‘ఫుల్ మెటల్ జాకెట్’కు ఆర్. లీ ఎర్మీ సాంకేతిక సలహాదారుగా వచ్చి, చివరికి కొత్త సైనికులకు శిక్షణ ఇచ్చే డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్ పాత్రను తానే దక్కించుకున్నారు. అమెరికా సైన్యంలోని మెరైన్ దళంలో అదే ఉద్యోగం చేసినవారు కాబట్టి ఆ పాత్ర తిట్టే తిట్లలో చాలా భాగం ఆయన సొంతంగా అల్లినవే. అలాగే 1980 నాటి ‘ది బిగ్ రెడ్ వన్’లో సార్జెంటుగా కనిపించే లీ మార్విన్ 1944లో సైపాన్ దీవిలో గాయపడిన మెరైన్, ఆ ముఖంలోని అలసట మేకప్‌తో వచ్చేది కాదు. సైన్యంలో ఒక్కరోజు కూడా పనిచేయని జాన్ వేన్ మాత్రం 1949లో ‘శాండ్స్ ఆఫ్ ఐవో జిమా’ వంటి చిత్రాలతో ఒక తరానికి సైనికుడంటే ఇలా ఉంటాడన్న నమూనాగా మిగిలిపోయారు. ఇది సబబేనా?

రంగస్థలి:

మీరిచ్చిన చివరి ఉదాహరణే మీ వాదనకు అడ్డం తిరుగుతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ దీవి ఐవో జిమాలో అమెరికా జెండా ఎత్తినవారిగా అప్పట్లో గుర్తింపు పొందిన ముగ్గురు, అంటే రెనే గానియన్, ఐరా హేస్, జాన్ బ్రాడ్లీ, అదే చిత్రంలో కాసేపు కనిపిస్తారు. (ఆ ప్రసిద్ధ ఫొటోలో ఉన్నది బ్రాడ్లీ కాదని 2016లోను, గానియన్ కాదని 2019లోను మెరైన్ దళమే తేల్చింది, అది వేరే కథ.) వాళ్లు తెరమీద ఉన్నారన్న సంగతి చూసేవారిలో ఎంతమందికి గుర్తుంది? ఆస్కార్ నామినేషన్ వచ్చింది వేన్‌కే.

అనుభవమే నటన అయ్యేటట్లయితే 2012లో వచ్చిన ‘యాక్ట్ ఆఫ్ వేలర్’ అన్నిటికన్నా గొప్ప చిత్రం కావాలి, ఎందుకంటే అందులో ప్రధాన పాత్రలు వేసినది అప్పటికి అమెరికా నౌకాదళపు ప్రత్యేక దళమైన సీల్ విభాగంలో ఉద్యోగంలో ఉన్నవారే. గదిలోకి చొరబడే ఘట్టాలలో వాళ్ల కదలికలో ఒక్క పొల్లు అడుగు లేదు గానీ, అదే మనుషులు ఇంటి గురించి, పిల్లల గురించి మాట్లాడవలసి వచ్చేసరికి మాటలు అప్పజెప్పినట్టు వినిపిస్తాయి. విమర్శకులు పట్టుకున్నదీ ఆ లోపాన్నే.

ఇక ఆడీ మర్ఫీ సంగతి. 1945 జనవరిలో ఫ్రాన్స్‌లోని హోల్ట్స్‌విర్ దగ్గర, 19 ఏళ్ల వయసులో, మంటల్లో ఉన్న ట్యాంక్ డిస్ట్రాయర్ (శత్రు ట్యాంకులను ధ్వంసం చేసే వాహనం) పైకెక్కి దాని మెషిన్ గన్‌తో జర్మన్ల దాడిని నిలువరించినందుకు అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ పొందిన మనిషి ఆయన. ఆ ఘట్టాన్ని 1955లో ‘టు హెల్ అండ్ బ్యాక్’గా తీసినప్పుడు, మొదట ఇష్టం లేకపోయినా, తన పాత్రను తానే వేశారు. అంతకన్నా అనుభవం ఉన్న నటుడు ఎక్కడ దొరుకుతాడు? అయినా తెరమీద ఆయన ఎక్కినది షెర్మన్ ట్యాంకు. ఆనాడు నేలను కప్పేసిన మంచు కూడా చిత్రంలో లేదు. జరిగినదంతా ఒంటిమీద గుర్తున్న మనిషి సెట్‌లో నిలబడి ఉండగానే వాస్తవం మారిపోయిందంటే, దాన్ని నిర్ణయించేది నటుడి గతం కాదని ఒప్పుకోక తప్పదు.

యుద్ధచిత్రాభిమాని:

ట్యాంకు మారడం నిర్మాణశాఖ లోపం, నటుడిది కాదు. హెరాల్డ్ రస్సెల్ గురించి ఏమంటారు? 1946 నాటి ‘ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్’లో రెండు చేతులూ కోల్పోయిన నావికుడిగా నటించి, ఒకే పాత్రకు రెండు ఆస్కార్లు అందుకున్న మనిషి ఆయన. ఆయన వృత్తిరీత్యా నటుడే కాదు.

రంగస్థలి:

రస్సెల్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కాకపోతే ఆ చిత్రం యుద్ధం గురించి కాదు, ఇంటికి తిరిగి రావడం గురించి. ఆయన చేతులు పోయింది కూడా 1944లో శిక్షణలో జరిగిన పేలుడులో. ఆ పాత్రకు కావలసిన అనుభవం ఆయనకు ఉంది, అది రణరంగంలో వచ్చినది మాత్రం కాదు.

పదాతి:

పదాతిదళంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఇద్దరి వాదనలూ చదివాక కొంత చెప్పాలనిపించింది. యుద్ధ చిత్రం చూస్తున్నప్పుడు నా కళ్లు ముఖాల మీదకు పోవు, బరువు మీదకు పోతాయి. వీపు సంచిలో దూది కుక్కారో సామాను నింపారో నడకలోనే తెలిసిపోతుంది. నిజంగా బరువు మోసేవాడు నడుము నుంచి ముందుకు వంగుతాడు, ఆగమన్న క్షణంలో దాన్ని దేనికో ఒకదానికి ఆనిస్తాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికుడి చేతిలోని గారండ్ రైఫిల్ దాదాపు 4.3 కిలోలు ఉంటుంది. పొద్దుటి నుంచి దాన్ని మోస్తున్నవాడు రబ్బరు తుపాకీలా గాలిలో ఆడించడు. బ్లాంక్ తూటా (గుండు లేకుండా శబ్దం మాత్రమే చేసేది) పేల్చినప్పుడు భుజానికి వెనుదన్ను తగలదు గనుక, తెలియని నటుడు భుజాన్ని తనంతట తాను కుదుపుతాడు, అదీ శబ్దం వచ్చాక.

అయితే యుద్ధచిత్రాభిమాని గారు ఒక విషయం గమనించాలి. మా అనుభవం మా కాలానిది. తుపాకీ పట్టుకున్నప్పుడు చూపుడు వేలు ట్రిగ్గర్ మీద కాకుండా పక్కన చాచి ఉంచడం ఈనాటి సైనికుడికి రెండో స్వభావం. అదే అలవాటును 1944 నాటి సైనికుడి పాత్రలోకి తెస్తే తప్పవుతుంది, ఆ కాలపు ఫొటోల్లో వేళ్లు నేరుగా ట్రిగ్గర్ల మీదే కనిపిస్తాయి. హెల్మెట్ పట్టీ సంగతీ అంతే. ఇప్పుడు బిగించుకోకపోతే తిట్లు తప్పవు. అప్పట్లో చాలామంది, పేలుడు గాలికి హెల్మెట్ ఎగిరితే పట్టీ మెడ విరిచేస్తుందన్న భయంతో, వదులుగానే వేలాడదీసేవారు. మాజీ సైనికుడు నటిస్తున్నాడు కదా అని ధీమాగా ఉంటే ఇలాంటి తప్పులు అతని ద్వారానే చొరబడతాయి, పైగా అతను చేశాడు కాబట్టి ఎవరూ ప్రశ్నించరు.

యుద్ధచిత్రాభిమాని:

అయితే మీ లెక్కన శిక్షణ చాలునంటారా? వియత్నాం యుద్ధ చిత్రం ‘ప్లటూన్’ కోసం సైనిక సలహాదారు డేల్ డై నటులను ఫిలిప్పీన్స్ అడవిలో సుమారు రెండు వారాలు ఉంచినదంతా నిజంగా పనికొచ్చిందా, లేక ప్రచారానికేనా?

పదాతి:

పనికొచ్చింది, కాకపోతే నైపుణ్యం విషయంలో కాదు. రెండు వారాల్లో సైనికుడు తయారవడు. వియత్నాంలో పోరాడిన మెరైన్ కెప్టెన్ డై, ఆ నటుల చేత గుంతలు తవ్వించి, రాత్రి కాపలాలు వేయించి, సైనికుల తిండే పెట్టి, నిద్ర చెడగొట్టి, అక్కడి నుంచి నేరుగా చిత్రీకరణకు తీసుకెళ్లారు. 1986 నాటి ఆ చిత్రంలో కనిపించే మగత, చిరాకు అలా వచ్చినవే. దర్శకుడు ఆలివర్ స్టోన్ తానే వియత్నాంలో పోరాడినవారు కాబట్టి, సలహాదారు చెప్పిన మాట ఏ మేరకు నిజమో తేల్చుకోగల మనిషి కెమెరా పక్కనే ఉన్నాడు. ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’కు కూడా డైయే శిక్షణ ఇచ్చారు, ర్యాన్‌గా నటించిన మ్యాట్ డేమన్‌ను మాత్రం కావాలనే దానికి దూరంగా ఉంచారు, తక్కినవారికి అతని మీద కాస్త కడుపుమంట కలగాలని. ర్యాన్ అనే కుర్రాడి కోసం ప్రాణాలొడ్డే పాత్రలకు ఆ మంట అవసరం.

అందుకే అనుభవజ్ఞుడు ఒక్కడే దొరికితే అతన్ని కెమెరా ముందు కన్నా వెనకే ఉంచమంటాను, టేక్ ఆపమనే అధికారం ఇచ్చి. ఉదాహరణకు, బహిరంగ ప్రదేశంలో సైనికులు మనిషికీ మనిషికీ మధ్య ఎడం పాటిస్తారు, ఒక్క పేలుడుకే అందరూ పోకూడదని. ఫ్రేముకు అది గిట్టదు. ఎడం పాటిస్తే సగం మంది తెరకు అవతలే ఉండిపోతారు కాబట్టి దర్శకుడు అందరినీ ఒకచోటికి చేరుస్తాడు. ప్రతిసారీ దీని మీద పోట్లాడే సలహాదారుకు మూడో రోజు నుంచి సెట్‌లో విలువ ఉండదు. దూరం నుంచి తీసే షాట్‌లో ఎడం కోసం పట్టుబట్టి, దగ్గరి షాట్‌లో చూసీ చూడనట్టు వదిలేయగలిగినవాడైతే నాకు చాలు. అతను నటుడా కాడా అన్నది నాకు పట్టింపు లేదు.