16ఎస్ 98.4% వచ్చింది, కొత్త జాతి అనేయొచ్చా?

ఎన్నూరు_బురద: ఎన్నూరు క్రీక్ బురద పైపొర (0–5 సెం.మీ.) నుంచి మెరైన్ అగార్ మీద లేత నారింజ కాలనీ ఒకటి వచ్చింది. దాని 16ఎస్ (బ్యాక్టీరియాను గుర్తించడానికి చదివే జన్యువు) దగ్గరి టైప్ స్ట్రెయిన్‌తో (జాతి పేరుకు ఆధారమైన నమూనా కల్చర్‌తో) 98.4% కలిసింది. జాతులను విడదీసే గీత 98.7% కదా. జీనోమ్‌కి డబ్బు పెట్టకుండా కొత్త జాతి అని రాసేయొచ్చా? ల్యాబ్‌లో సగం మంది సరేనంటున్నారు.

అగార్_అన్న: తొందరపడకండి. ఆ 98.4 ఎన్ని బేస్‌ల మీద? 700 బేస్‌ల ముక్క మీద అయితే ఆ అంకెను నమ్మలేం. 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో (చదవడం మొదలయ్యే చోటును పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో) దాదాపు 1,400 బేస్‌లు రెండు వైపుల నుంచీ చదివించండి. బ్లాస్ట్ వెతుకులాటలో పైన తేలే 'అన్‌కల్చర్డ్' (ల్యాబ్‌లో పెంచని) క్లోన్లను వదిలేసి ఈజ్‌బయోక్లౌడ్ డేటాబేస్‌లో టైప్ స్ట్రెయిన్లతో పోల్చండి. క్రోమాటోగ్రామ్ (సీక్వెన్సింగ్ పీక్‌ల గ్రాఫ్) కూడా తెరిచి చూడాలి. ఒకే చోట రెండు పీక్‌లు కనిపిస్తే కల్చర్ కలిసిపోయి ఉండొచ్చు, లేదా ఒకే కణంలోని 16ఎస్ కాపీల్లోనే తేడా ఉండొచ్చు. విబ్రియోల్లో (ఎక్కువగా ఉప్పునీటిలో ఉండే బ్యాక్టీరియాల్లో) ఈ రెండోది కొత్తేం కాదు.

కోవళం_కెరటం: 98.7 కంటే తగ్గితే కొత్తదయ్యే అవకాశం బాగా ఎక్కువ. దాటితే మాత్రం ఏమీ తేలదు. హార్వేయీ గుంపు విబ్రియోల 16ఎస్ 99% పైనే కలుస్తుంది, అయినా జాతులు వేరు. తేల్చేది జీనోమే: ఏఎన్‌ఐ (రెండు జీనోమ్‌ల సగటు పోలిక) 95–96%, డిజిటల్ డీడీహెచ్ (కంప్యూటర్‌తో లెక్కగట్టే జీనోమ్ పోలిక) 70%, వీటికంటే తగ్గితే వేరే జాతి. నా గొడవల్లా ఒకటే. జీనోమ్ చేతికొచ్చాక ఇంకా కొవ్వు ఆమ్లాలు, పోలార్ లిపిడ్లు, ఏపీఐ స్ట్రిప్పులు (రెడీమేడ్ జీవరసాయన పరీక్షలు) ఎందుకండీ? ఆ స్ట్రిప్పులు ఆసుపత్రి బ్యాక్టీరియా కోసం చేసినవి. ఉప్పు లేని ఇనాక్యులమ్ (కణాలు కలిపిన ద్రవం) వేస్తే సముద్రపు స్ట్రెయిన్‌కి అన్నీ నెగటివే.

అగార్_అన్న: ఉప్పు వేయడం మరిచి పరీక్షను తిడితే ఎలా? 2% ఉప్పు నీళ్లలో కలిపి వేయండి. దగ్గరి టైప్ స్ట్రెయిన్‌ను పక్కనే, అదే బ్యాచ్ మీడియంలో, అదే ఉష్ణోగ్రతలో, అదే వయసు దాకా పెంచండి. ఉష్ణోగ్రత మారితే కొవ్వు ఆమ్లాల పాళ్లు మారిపోతాయి, అందుకే వేరే పేపర్‌లోని పట్టికతో పోల్చడం దండగ. జీనోమ్‌లో జన్యువు ఉన్నంత మాత్రాన అది పనిచేస్తోందని కాదు కదా.

కోవళం_కెరటం: అది ఒప్పుకుంటా. కానీ 2022లో వచ్చిన సీక్‌కోడ్ (సీక్వెన్స్ ఆధారంగా పేర్లు పెట్టే నియమావళి) ప్రకారం జీనోమ్ సీక్వెన్స్‌నే టైప్‌గా పెట్టొచ్చు. బురదలో ఉన్నవాటిలో చాలావరకు ప్లేట్ మీదకి రానే రావు, వాటికి పేర్లు వద్దా?

అగార్_అన్న: రానివాటికి అలాగే కానివ్వండి. ఈయన చేతిలో బతికున్న కల్చర్ ఉంది! ఐసీఎన్‌పీ (బ్యాక్టీరియా పేర్ల అంతర్జాతీయ నియమావళి) ప్రకారం దాన్ని రెండు వేర్వేరు దేశాల కలెక్షన్లలో, ఎవరడిగినా ఇచ్చేలా పెట్టాలి. మనవాళ్ల పేపర్లు ఇరుక్కునేది ఇక్కడే. బయటికి పంపే అనుమతి సంగతి ముందే తరమణిలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థలో తేల్చుకోండి. ఈలోగా 20% గ్లిజరాల్‌లో, ఉప్పున్న మీడియంతోనే, −80 డిగ్రీల దగ్గర నాలుగైదు వయల్స్ దాచండి.

ఎన్నూరు_బురద: జీనోమ్ చేయిస్తే ఎంత కవరేజ్ (ప్రతి బేస్‌ను సగటున ఎన్నిసార్లు చదవాలో) అడగాలి సార్?

కోవళం_కెరటం: ఇల్యుమినా సీక్వెన్సర్ అయితే కనీసం 50 రెట్లు. వచ్చాక ఏఎన్‌ఐ కంటే ముందు, అసెంబ్లీలోని (ముక్కలు అతికించిన జీనోమ్‌లోని) 16ఎస్‌ను మీరు ముందే సాంగర్ పద్ధతిలో చదివించిన 16ఎస్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. బాగా తేడా వచ్చిందా, వేరే కల్చర్ డీఎన్‌ఏ వెళ్లిందన్నమాటే.