ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం: గ్రేడింగ్‌కి పంపాలా, ఫోల్డర్‌లోనే ఉంచాలా?

ప్రశ్న (ఉప్పల్ నుంచి):
2023లో వచ్చిన ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణేలు రెండున్నాయి, మింట్ (టంకశాల) ప్యాకింగ్ ఫోల్డర్‌లోనే ఉన్నాయి. కొత్త పార్లమెంటు భవనం 75 రూపాయలది ఒకటి ఉంది. ఒకవైపు అచ్చు వంకరగా పడ్డ రెండు రూపాయల బిళ్ల ఒకటి, మా మామగారు ఇచ్చిన చార్మినార్ బొమ్మ నిజాం వెండి రూపాయి ఒకటి కూడా ఉన్నాయి. అన్నీ కలిపి అమెరికాలో నాణేల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే పీసీజీఎస్‌కో ఎన్‌జీసీకో పంపిస్తే రేటు పెరుగుతుందా?

జవాబు (మల్కాజిగిరి నుంచి):
ముందు ఆ ఫోల్డర్లకు కత్తెర పెట్టకండి. గ్రేడింగ్ చేయాలంటే నాణెం ప్యాకింగ్‌లోంచి బయటికి రావాల్సిందే. మన దగ్గర స్మారక నాణేలు కొనేవాళ్లలో చాలామంది మింట్ ప్యాకింగ్ చెక్కుచెదరకుండా ఉంటేనే పూర్తి ధర ఇస్తారు. విప్పాక 70 (అన్నిటికంటే పై గ్రేడు) వస్తే సరే. 69 వస్తే ఫోల్డరూ పోతుంది, ఖర్చూ మీద పడుతుంది.

లెక్క వేసి చూడండి. ఇవి అసలు ధరలు కావు, లెక్క అర్థం కావడానికి అనుకున్న అంకెలు. నాణెం 4,000. గ్రేడింగ్ ఫీజు, రానుపోను కొరియర్, ఇన్సూరెన్స్, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్, మధ్యలో డీలర్ కమిషన్ అన్నీ కలిపి నాణేనికి ఇంకో 4,000 అనుకుందాం. మీ పెట్టుబడి 8,000. 70 గ్రేడు 12,000కి, 69 గ్రేడు 5,000కి అమ్ముడైతే, పది పంపినప్పుడు అయిదింటికి 70 రావాలి. నాలుగే వస్తే చేతికొచ్చేది 78,000, పెట్టింది 80,000. మీ అంకెలతో ఇదే లెక్క కట్టుకోండి. ధర చూసేటప్పుడు అడుగుతున్న రేటు కాదు, నిజంగా అమ్ముడైన రేటు తీసుకోండి.

విప్పకుండానే చాలావరకు తేల్చుకోవచ్చు. గదిలో లైట్లన్నీ ఆర్పి ఒక్క టేబుల్ లాంప్ ఉంచండి. 10ఎక్స్ లూప్ (పదింతలు పెద్దగా చూపే భూతద్దం) పట్టుకుని నాణేన్ని మెల్లగా వాల్చుతూ చూడండి. గీత కనిపిస్తే తొందరపడొద్దు. వాల్చినప్పుడు ఆ గీత బొమ్మ మీద నుంచి పక్కకు జరిగినట్టుంటే అది ప్లాస్టిక్ మీదిది. బొమ్మతో పాటే కదిలితే నాణెం మీదిది. ముందు బొమ్మ లేని ఖాళీ భాగం, తర్వాత ఎత్తుగా ఉండే చోట్లు (చెంప, ముక్కు, అశోక స్తంభం మీది సింహాలు), చివర అంచు చూడండి. ప్రూఫ్ నాణెమైతే (సేకరించేవాళ్ల కోసం అద్దంలా మెరిసేట్టు ప్రత్యేకంగా అచ్చువేసింది) అద్దంలాంటి భాగంలో వెంట్రుకవాసి గీతలు, పొగమంచు లాంటి పొర, వేలిముద్ర ఉన్నాయేమో వెతకండి. మామూలు కంటికే ఒక దెబ్బ కనిపిస్తే 70 ఆశ వదిలేయడమే.

ఇంకోమాట. గ్రేడింగ్ సంస్థల పాపులేషన్ రిపోర్టులో (ఏ గ్రేడు ఎన్ని నాణేలకు ఇచ్చారో చెప్పే లెక్క) మన నాణేలకు రెండో మూడో కనిపిస్తే అపురూపం అనుకోకండి. పంపినవాళ్లే తక్కువ, అంతే.

జవాబు (తార్నాక నుంచి):
రెండు రూపాయల బిళ్ల గురించి. మన నాణేల రెండు వైపులూ ఒకే దిక్కుకు నిలబడి ఉండాలి. పైఅంచు, కింది అంచు రెండు వేళ్లతో పట్టుకుని పక్కకు తిప్పండి. రెండోవైపు కూడా నిటారుగా రావాలి. పది పదిహేను డిగ్రీలు వాలితే దానికి పెద్దగా విలువ లేదు, అలాంటివి బోలెడు. 90 లేదా 180 డిగ్రీలు తిరిగి ఉంటేనే ఆలోచించాలి. ముద్రణ లోపాన్ని లేబుల్ మీద రాయించాలంటే గ్రేడింగ్ ఫారంలో మింట్ ఎర్రర్ అని విడిగా అడగాలి, దానికి ఫీజు కూడా వేరే. ఆ గడి నింపకపోతే మామూలు నాణెంగానే గ్రేడ్ చేసి పంపిస్తారు. ఆ డబ్బంతా దండగ.

ప్రశ్న (ఉప్పల్ నుంచి):
థాంక్స్ అన్నా. 75 రూపాయలది కాస్త మసకబారింది. చింతపండుతో తోమి పంపొచ్చా?

జవాబు (మల్కాజిగిరి నుంచి):
వద్దే వద్దు. చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్టు ఏది తగిలినా పైపొర పోతుంది. గ్రేడరు నంబరు ఇవ్వడు, క్లీన్డ్ అని డీటెయిల్స్ లేబుల్ కొట్టి పంపిస్తాడు. ఆ 75 రూపాయల నాణెంలో వెండి 50 శాతం, రాగి 40, నికెల్ 5, జింక్ 5. అంత రాగీ వెండీ ఉన్నాక వానాకాలం తేమకి, రబ్బరు బ్యాండుకి, అట్టపెట్టెకి రంగు మారడం సహజం. పీవీసీ కవరు నుంచి దిగిన పచ్చటి జిగురైతే మాత్రం స్వచ్ఛమైన అసిటోన్‌లో కాసేపు ముంచి, రుద్దకుండా గాలికి ఆరనివ్వండి. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడకండి, అందులో వేరే రసాయనాలు కలుస్తాయి. అసిటోన్‌కి ఇట్టే నిప్పంటుకుంటుంది. కిటికీ తీసి, స్టవ్‌కి దూరంగా చేయండి. పని అయ్యాక కాప్స్యూల్‌లో (నాణెం పట్టే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీ) పెట్టి, డబ్బాలో సిలికా జెల్ వేయండి.

జవాబు (మెహదీపట్నం నుంచి):
చార్మినార్ రూపాయి మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది, ముందు అది చదివించండి. 1337 అంటే మన లెక్కలో 1918-19. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం కింద పురావస్తువు, దాన్ని దేశం దాటించడం నేరం. గ్రేడింగ్ కోసమని చెప్పినా కుదరదు. దాన్ని ఆ పార్సిల్‌లోంచి తీసేయండి.

జవాబు (తార్నాక నుంచి):
ఎన్టీఆర్ నాణెం స్లాబ్‌లోదే (గ్రేడింగ్ సంస్థ సీలు వేసి ఇచ్చే ప్లాస్టిక్ పెట్టె) కావాలనుకుంటే, గ్రేడ్ అయినదాన్నే కొనడం ఒక్కోసారి చవక. డబ్బు కట్టేముందు స్లాబ్ మీది నంబరు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టండి. నంబరు దొరికిందని సరిపెట్టుకోవద్దు. అక్కడ ఫొటో ఉంటే, అందులోని ఒక చిన్న మచ్చనో గీతనో పట్టుకుని చేతిలో ఉన్న నాణెం మీద అదే చోట ఉందో లేదో చూడండి. నకిలీ స్లాబుల మీద కూడా అసలు నంబర్లే ఉంటున్నాయి.