లొంబోక్‌లో సముద్రం ఒడ్డున స్థలం: అక్కడ ఉంటున్నవాళ్లు కాస్త చెప్పండి

సింగపూర్_శ్రీను:

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు, ఉద్యోగం సింగపూర్‌లో. ఈమధ్య నేనూ మా ఆవిడా ఇండొనేసియాలోని లొంబోక్ దీవి చూడ్డానికి వెళ్లాం. కూటా, మండలికా చూసుకుని తూర్పుగా ఎకస్ అఖాతం వైపు వెళ్లాం. హోటళ్ల హడావుడి లేదు. పడవలు, కొబ్బరిచెట్లు, మేకలు. ఇద్దరికీ మనసు అక్కడే ఉండిపోయింది.

అక్కడ ఒక ఏజెంట్ ఆరు ఆర్‌ల స్థలం చూపించాడు. ఆర్ అంటే వంద చదరపు మీటర్లు. మన లెక్కలో మొత్తం పదిహేను సెంట్లకి కాస్త తక్కువ. నీళ్లకి నలభై అడుగుల దూరం కూడా ఉండదు. విదేశీయుల పేరు మీద రిజిస్ట్రేషన్ కాదు కాబట్టి ఊళ్లో ఒకాయన పేరు మీద కొని, పవర్ ఆఫ్ అటార్నీ నా దగ్గర పెట్టుకోమంటున్నాడు. సర్టిఫికెట్ లేదు. గ్రామపెద్ద ఇచ్చిన కాగితం, పన్ను రశీదులు ఉన్నాయి.

రిటైరయ్యాక చిన్న ఇల్లు కట్టుకుని ఏడాదిలో సగం అక్కడ ఉందామని మా ఆలోచన. అమ్మ కూడా వస్తుంది, ఆవిడ శాకాహారి. ఇది జరిగే పనేనా?

జెరోవారు_సత్తిబాబు:

శ్రీను గారూ, అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకండి.

మాది భీమవరం. ఇక్కడ జెరోవారు మండలంలో వనామి రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్‌గా చేస్తున్నాను. చెరువుల పక్క ఊళ్లోనే అద్దెకుంటున్నా. మీరు చూసిన ఒడ్డు నాకు బాగా తెలుసు.

ముందు బినామీ సంగతి. ఇక్కడి భూమి చట్టం 1960 నాటిది. పూర్తి యాజమాన్య హక్కుని హక్ మిలిక్ అంటారు, అది ఈ దేశ పౌరులకే. నేరుగా గానీ చాటుగా గానీ విదేశీయుడికి ఆ హక్కు చేరేలా చేసిన అమ్మకం 26వ సెక్షన్ ప్రకారం చెల్లదు. భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు వెనక్కి రాదు. వివాదం వస్తే మీ పవర్ ఆఫ్ అటార్నీయే మీ ఉద్దేశాన్ని కోర్టులో బయటపెడుతుంది. అందరూ ఇలాగే చేస్తున్నారంటాడు ఏజెంట్. చేస్తున్నారు, నిజమే. కాగితంలో పేరున్న మనిషి బతికి ఉండి, మీతో మంచిగా ఉన్నన్నాళ్లూ నడుస్తుంది. ఆయన పోతే ఆస్తి ఆయన భార్యాపిల్లలది. వాళ్లకి మీరెవరో తెలియక్కర్లేదు కూడా.

ఇక కాగితాలు. పన్ను రశీదు ఉంటే పన్ను ఎవరు కట్టారో తెలుస్తుంది, అంతే. భూమి ఎవరిదో చెప్పేది భూమి శాఖ, అంటే బీపీఎన్, ఇచ్చే సర్టిఫికెట్. 2021లో వచ్చిన నిబంధనలో పాత కాగితాలున్నవాళ్లకి రిజిస్టర్ చేయించుకోవడానికి ఐదేళ్లు గడువిచ్చారు. ఆ గడువు 2026 ఫిబ్రవరి. ఆ తర్వాత అవి హక్కుకి రుజువు కావు. దానికి ముందే, 2017 నుంచి, ప్రభుత్వం ఊళ్లకి ఊళ్లు కొలిచి సర్టిఫికెట్లు ఇచ్చుకుంటూ వస్తోంది. మా ఊళ్లో చాలామందికి వచ్చాయి. మరి ఈ ఆరు ఆర్‌లకి ఎందుకు రాలేదు? అన్నదమ్ముల తగువైనా ఉండాలి, ఒడ్డుకి మరీ దగ్గర కావడమైనా ఉండాలి. పోటు వచ్చే గీత నుంచి కనీసం వంద మీటర్లు తీరం హద్దుగా వదలాలి. నలభై అడుగుల దూరంలో ఇల్లంటే ఎవరు అనుమతి ఇస్తారు?

ఇప్పుడు చెప్పబోయేది ఏజెంట్ చెప్పడు, నాకు మాత్రం అదే ముఖ్యం. ఆ ఒడ్డు మీకు ఖాళీగా కనిపించి ఉంటుంది. మీరు వెళ్లింది మధ్యాహ్నమై ఉంటుంది. ఆటు వేళ వచ్చి చూడండి. ఆడవాళ్లు తలమీద బుట్టలతో ఆ స్థలాల మధ్యనుంచే దిగుతారు. సముద్రపు నాచు పండించే కుటుంబాలు అవి. పాక నీడలో కూర్చుని నైలాన్ తాడుకి జానెడు దూరానికో నాచు మొక్క చొప్పున ముడివేస్తారు. ఆ వేళ్లు ఎంత వేగంగా కదులుతాయంటే, మాట్లాడుతూనే ఉంటారు, తాడు నిండిపోతుంది. పడవలో తీసుకెళ్లి లోపల కట్టి, పెరిగాక కోసుకొచ్చి ఒడ్డున టార్పాలిన్ల మీద ఆరబెడతారు. ఎండేకొద్దీ పైన ఉప్పు తెల్లగా పూస్తుంది. వర్షం వస్తుందంటే పిల్లలతో సహా అందరూ పరుగు. ఆ ఆరబోతకీ, ఆ నడకకీ ఎవరికీ పట్టాలు లేవు. మీరు డబ్బు కట్టి కంచె వేశారంటే ఎవరూ మీతో గొడవ పడరు, అంత మంచివాళ్లు. చుట్టూ తిరిగి నడుస్తారు. అలా కంచెలు పడ్డచోట్లు నేను చూశాను. మనసు కష్టపెట్టుకున్నాను.

ఉండాలని నిజంగా ఉంటే లీజుకి తీసుకోండి. మన వైపు చెరువు లీజు రాసుకున్నంత జాగ్రత్తగా రాసుకోండి. ఒడ్డు నుంచి వెనక్కి, రోడ్డు వైపు, సర్టిఫికెట్ ఉన్న భూమి చూడండి. సాధారణంగా పాతిక, ముప్పై ఏళ్లకి ఇస్తారు, డబ్బు ముందే అడుగుతారు. భార్యా, పెద్ద పిల్లలూ, అన్నదమ్ములూ అందరి చేతా సంతకం పెట్టించండి. పొడిగింపు ధర ఎలా లెక్కకడతారో ఇప్పుడే రాయించండి. భూమి ఇంకొకరికి అమ్మినా లీజు తెగదని ఇక్కడి సివిల్ కోడ్‌లోనే ఉంది. అయినా మీ కాగితంలోనూ రాయించండి. అద్దె మీద పది శాతం పన్ను యజమాని కట్టాలి, దాన్ని మీమీద వేస్తారేమో చూసుకోండి. నోటరీని మీరే వెతుక్కోండి, ఏజెంట్ చూపించిన ఆయన వద్దు. కంపెనీ పెట్టి కొనొచ్చు అని కూడా ఎవరో ఒకరు చెబుతారు. దానికి వెయ్యి కోట్ల రూపియాల పైన పెట్టుబడి చూపించాలి, మన డబ్బులో ఐదు కోట్ల పైమాటే. ఒక ఇంటి కోసం ఆ దారి మనకెందుకు?

మాతారం_కళ్యాణి:

సత్తిబాబు గారు భూమి సంగతంతా చెప్పేశారు. నేను తిండి గురించి చెబుతాను. మా ఆయన ఇక్కడివారే, మేముండేది ఈ దీవిలోని మాతారం పట్నంలో.

అమ్మగారి గురించి దిగులు పడకండి. మునగాకు కూర ఇక్కడ ఇంటింటా వండుతారు, చింతపండు దొరుకుతుంది, తెంపె (పులియబెట్టిన సోయా గింజల అచ్చు), టోఫూ ప్రతి సంతలో ఉంటాయి. ఒక్క జాగ్రత్త: ప్లెచింగ్ కంకుంగ్ చూడ్డానికి తూటికూరే గానీ పైన వేసే కారంలో ఎండురొయ్యల ముద్ద ఉంటుంది. అడిగి తీరాలి. కందిపప్పు, ఇంగువ సింగపూర్ నుంచి తెచ్చుకోండి.

ఊళ్లో ఎవరైనా పోతే మసీదు మైకులో చెబుతారు. ఆడవాళ్లు బియ్యం పట్టుకుని ఆ ఇంటికి వెళతారు. మీ ఆవిడ కూడా వెళ్లాలి. భాష రాకపోయినా ఫరవాలేదు, వెళ్లి కూర్చుంటే చాలు. మొదటిసారి అలా వెళ్లొచ్చాకే మా అత్తగారి ఊళ్లోవాళ్లు నన్ను పేరు పెట్టి పిలవడం మొదలెట్టారు.

ఇక్కడివాళ్లని పెళ్లి చేసుకున్న మనవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. ఆస్తి విడివిడిగా అని ఒప్పందం రాసుకోకపోతే మీ భాగస్వామి హక్ మిలిక్‌కి కూడా చిక్కే. పెళ్లయ్యాక కూడా ఆ ఒప్పందం రాసుకోవచ్చని 2016లో రాజ్యాంగ కోర్టు తీర్పిచ్చింది. మేము అలాగే చేశాం.

సింగపూర్_శ్రీను:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఏజెంట్‌కి వద్దని మెసేజ్ పెట్టేశాను. ఆ నాచు సంగతి మా ఆవిడకి చదివి వినిపిస్తే, లీజైనా సరే దారి వదిలే కట్టాలంది. ఎప్పుడు వస్తే మంచిది? వీసా సంగతేంటి?

జెరోవారు_సత్తిబాబు:

మంచి మాట చెప్పారు మీ ఆవిడగారు.

సెప్టెంబరు, అక్టోబరులో రండి. అప్పటికి ఎండలు ముదురుతాయి, బావుల్లో నీళ్లు ఉప్పదేలతాయి, ట్యాంకర్ల కోసం జనం ఎదురుచూస్తుంటారు. ఆ రోజుల్లో ఊరు నచ్చితే మిగతా ఏడాదంతా నచ్చుతుంది. ఫిబ్రవరి, మార్చిలో కుదిరితే ఇంకోసారి రండి. కలియంతన్ తీరంలో న్యాలె పండగ. తెల్లవారకముందే దీపాలు, వలలు పట్టుకుని నడుంలోతు నీళ్లలో దిగి రంగురంగుల సముద్రపు పురుగుల్ని పడతారు. అరటాకుల్లో చుట్టి కాల్చుకు తింటారు.

సింగపూర్ నుంచి నేరుగా లొంబోక్‌కి విమానం ఉంది. ప్రాయా ఎయిర్‌పోర్టు నుంచి మా వైపుకి కారులో గంటన్నర. మన పాస్‌పోర్ట్‌కి వీసా ఆన్ అరైవల్ ఇస్తారు. ఐదు లక్షల రూపియాలు, ముప్పై రోజులు, ఒక్కసారి ఇంకో ముప్పై పొడిగించుకోవచ్చు. లీజు ఉన్నంత మాత్రాన ఉండే హక్కు రాదు, ఏడాదిలో సగం అంటే దానికి తగ్గ వీసా వేరే చూసుకోవాలి. ఊళ్లో ఎవరింట్లో పడుకున్నా ఇరవై నాలుగు గంటల్లో వార్డు పెద్దకి చెప్పాలి.

ఇల్లు కట్టే మాట వస్తే కాంక్రీటు స్తంభాలు, బీములు లేకుండా ఒప్పుకోకండి. 2018 ఆగస్టు 5 భూకంపంలో ఈ దీవిలో ఐదొందల మందికి పైగా పోయారు. ఎక్కువగా ఉత్తరాన, ఉత్త ఇటుక గోడల కింద.

తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి. రోడ్డు వైపు సర్టిఫికెట్ ఉన్న స్థలాలు ఎవరివో ఊరిపెద్దని అడిగి ఉంచుతాను. ఒడ్డుకి దిగే దారులు ఏయే కుటుంబాలు వాడుతున్నాయో కూడా కనుక్కుంటాను.