“డీ మిల్ష్ ఇస్ట్ ఆలె”: కొత్తగా జర్మన్ నేర్చుకునేవాళ్లకు నేర్పాలా, వద్దా?

ఏ1_పంతులు:
పాలు అయిపోతే జర్మన్లు ఇంట్లో “డీ మిల్ష్ ఇస్ట్ ఆలె” అంటారు. ఏ1, ఏ2 వాళ్లకు (భాష నేర్చుకునే తొలి రెండు స్థాయిలవాళ్లకు) ఇది నేర్పొద్దని నా వాదన. “వియర్ హాబెన్ కైనె మిల్ష్ మేర్” (మా దగ్గర ఇక పాలు లేవు) చాలు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ ఎక్కడైనా చెల్లుతుంది, పరీక్షలో రాసినా ఎవరూ వంక పెట్టరు. డూడెన్ నిఘంటువు కూడా ఈ అర్థంలో ‘ఆలె’కు వాడుకభాష అనే ముద్ర వేసింది.

బెర్లిన్_బాబాయ్:
అనకపోతే పోనీ, వింటే అర్థం కావాలి కదండీ! బేకరీలో “డీ బ్రోట్‌షెన్ జిన్ట్ ఆలె” అన్నారనుకోండి. ‘ఆలె’ అంటే ‘అన్నీ’ అని మాత్రమే తెలిసినవాడు బన్నులన్నీ ఉన్నాయనుకుని వరసలో నిలబడే ఉంటాడు. తేడా పట్టుకోవడం తేలికే. “ఆలె ఐయర్” అంటే గుడ్లన్నీ. “డీ ఐయర్ జిన్ట్ ఆలె” అంటే గుడ్లు అయిపోయాయి. అయిపోవడం అనే అర్థంలో ‘ఆలె’ ఎప్పుడూ నామవాచకం ముందుకు రాదు, రూపమూ మారదు.

మనవాళ్లు తప్పేది క్రియ దగ్గర. పాలు, నీళ్లు, డబ్బులు మనకు బహువచనం, అందుకని బహువచన క్రియ పెట్టి “డీ మిల్ష్ జిన్ట్” అనేస్తారు. జర్మన్‌లో ఆ మూడూ ఏకవచనమే, ‘ఇస్ట్’ రావాలి.

స్టుట్‌గార్ట్_సీను:
ఇటు నైరుతిలో “డీ మిల్ష్ ఇస్ట్ లేర్” అనేవాళ్లే ఎక్కువ. ‘లేర్’ అంటే ఖాళీ. ఖాళీ అయ్యేది సీసా గానీ పాలెలా అవుతాయని ఉత్తరాదివాళ్లు ఎగతాళి చేస్తారు. బవేరియా, ఆస్ట్రియా హోటళ్లలో వంటకం అయిపోతే “ఇస్ట్ ఔస్” అంటారు. ఊరికో మాట ఉన్నప్పుడు పంతులుగారి వాక్యమే క్షేమం.

డాటివ్_దేవి:
అసలు ముందు నేర్పాల్సిన ‘ఔస్‌గేయెన్’ (అయిపోవడం) అనే క్రియని అందరూ వదిలేశారు. ఇది మనకు అచ్చంగా సరిపోతుంది: వస్తువు కర్త, మనిషి ‘కి/కు’లో, అంటే డాటివ్‌లో. “మియర్ (నాకు) గేట్ దాస్ గెల్ట్ ఔస్” అంటే డబ్బు అయిపోవస్తోంది. “మియర్ ఇస్ట్ దాస్ గెల్ట్ ఔస్‌గెగాంగెన్” అంటే అయిపోయింది. ఇక్కడ సహాయక క్రియగా ‘హాట్’ పెడితే తప్పు, ‘ఇస్ట్’ రావాలి. ‘మియర్’ బదులు ‘ఇష్’ (నేను)తో మొదలుపెట్టి “ఇష్ గేయె ఔస్” అంటే సరదాగా బయటికి వెళ్తున్నానని అర్థం.

ఇంకో ప్రమాదం ‘ఫెర్టిష్’. భోజనం అయిపోయిందనుకుంటూ “దాస్ ఎస్సెన్ ఇస్ట్ ఫెర్టిష్” అన్నారో, వంట సిద్ధమైందని జనం ప్లేట్లు పట్టుకుని వచ్చేస్తారు.

ఏ1_పంతులు:
దేవిగారూ, విడిపోయే క్రియ (‘గేట్… ఔస్’ లాగా), డాటివ్, ‘జైన్’తో పర్ఫెక్ట్ (‘ఇస్ట్’ పెట్టి చెప్పే భూతకాలం), మూడూ ఒకే వాక్యంలో! ఏ1కి అది బరువే. ఏ2లో పెట్టండి, అడ్డు చెప్పను. ‘ఆలె’ను వినికిడి పాఠంలో చేర్చడానికీ సరే. రాతలో మాత్రం ‘కైన్… మేర్’. ఆఫీసు మెయిల్‌లో మరీ మర్యాదగా కావాలంటే ‘ఔఫ్‌గెబ్రౌఖ్ట్’ (వాడకంతో అయిపోయింది).

బెర్లిన్_బాబాయ్:
వినికిడి పాఠంలో “ఇష్ బిన్ ఆలె” కూడా ఉంచండి. అక్కడ అయిపోయింది సరుకు కాదు, ఓపిక. అయినా ఏ1 పిల్లాడు వంటింట్లో రూమ్మేట్‌తో మాట్లాడేటప్పుడు కూడా మెయిల్ భాషే వాడాలంటే మాత్రం నేను ఒప్పుకోను.